పట్టు వదిలెయ్యమన్నారు, ఇక నేనెవరిని?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 23 సంవత్సరాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. ఏడో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నాను. లెఫ్ట్ కార్నర్‌లో, అంటే కూతకు వచ్చే రైడర్‌ను పట్టే ఎడమ మూలలో, నిలబడతాను. విశ్వవిద్యాలయం జట్టుకు రెండేళ్ళు, రాష్ట్ర సీనియర్ జట్టుకు ఒకసారి ఆడాను. ఏడాదిన్నర లోపల మూడుసార్లు తలకు దెబ్బ తగిలింది. మొదటిసారి రైడర్ మోకాలు కణతకు తగిలినా ఆట ఆపలేదు. రెండోసారి వారం రోజులు తలనొప్పి వచ్చి తగ్గింది. మూడోసారి, మొన్న ఏప్రిల్‌లో, రైడర్ చీలమండ పట్టడానికి (యాంకిల్ హోల్డ్‌కు) దూకి లేచిన తరువాత మేము ఎవరితో ఆడుతున్నామో నాకు గుర్తు రాలేదు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఏడు నెలలు గడిచినా తలనొప్పి పోలేదు, ఎండా చప్పుడూ పడడం లేదు, చదివింది నిలవడం లేదు. ఇక మీదట కబడ్డీయే కాదు, ఒకరినొకరు ఢీకొనే ఏ ఆటా ఆడవద్దని న్యూరాలజిస్టు గారు తేల్చి చెప్పారు. మా కోచ్ గారేమో రైల్వే ట్రయల్స్ వరకు ఒక్కసారి ఓర్చుకోమంటున్నారు. నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలినా మళ్ళీ క్రికెట్ ఆడాడని చెబుతున్నారు. మా నాన్న సంబంధాలు చూస్తున్నారు, తలదెబ్బ సంగతి ఎక్కడా అనవద్దంటున్నారు. తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నా ఉద్యోగం మీద ఇంట్లో అందరూ ఆశ పెట్టుకున్నారు. అమ్మ నా కిట్ బ్యాగును అటక ఎక్కించింది. ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవారు తక్కువ, అందరికీ నేను కబడ్డీ పిల్లనే. ఇప్పుడు నేనెవరిని? పొద్దున లేవకపోయినా బాగుండునని కొన్ని రాత్రులు అనిపిస్తోంది. సంక్రాంతి పోటీల్లో బహుమతులు ఇవ్వడానికి రమ్మని ఊరివాళ్ళు పిలిచారు. ఆటలో అరటిపండులా అక్కడ కూర్చోవడం నాకు చేతనవుతుందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో చివరన, నడుస్తూ నడుస్తూ అన్నట్టుగా రాసిన ఒక మాటకు ముందు జవాబు చెప్పాలి. పొద్దున లేవకపోయినా బాగుండుననే ఆలోచన వస్తోందన్నారు. ఉత్తరానికి జవాబు అచ్చయి మీ చేతికి వచ్చేసరికి వారాలు గడుస్తాయి, ఆ ఆలోచనకు అంత గడువు ఇవ్వకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఈ రాత్రి ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఈ రాత్రే చేయండి. ఇంట్లో కనీసం ఒక్కరికి, అమ్మకు గానీ తమ్ముడికి గానీ, ఇదే మాట దాచకుండా చెప్పండి. న్యూరాలజిస్టు గారికి కూడా తలనొప్పి ఎన్నిసార్లు వస్తున్నదో చెప్పినంత మామూలుగా దీన్ని చెప్పండి. తలదెబ్బ తరువాత దిగులు, చిరాకు, నిద్ర చెదరడం చాలామందిలో కనబడేవే, వాటికి వైద్యం ఉంది. మీరు పిరికివారైనందువల్ల వచ్చిన ఆలోచన కాదది.

నేను ముప్ఫై ఏళ్ళు ఒక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. మీ కోచ్ గారిని తప్పుపట్టే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1990లలో ఒక అంతర కళాశాల పోటీలో మా అమ్మాయి ఒకతె తల నేలకు కొట్టుకుని కళ్ళు తేలవేస్తే, ముఖాన నీళ్ళు చల్లి, రెండు వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమని, ఆమె సరిగ్గా చెప్పగానే వీపు తట్టి మళ్ళీ కోర్టులోకి పంపాను. ఆ రోజు గెలిచాం కూడా. ఆమెకు ఏమీ కాలేదు, అందులో నా తెలివేమీ లేదు. వేళ్ళు లెక్కపెట్టగలిగితే మెదడు బాగున్నట్టే అనుకున్న కాలం అది. మీ కోచ్ గారు ఇంకా ఆ కాలంలోనే ఉన్నట్టున్నారు.

ఆయన చూపిన ఉదాహరణనే తీసుకుందాం. నారీ కాంట్రాక్టర్‌కు 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలింది. పుర్రె చిట్లింది, శస్త్రచికిత్స జరిగింది, రక్తం ఇచ్చినవారిలో వెస్టిండీస్ జట్టు కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నారు. అప్పటికి కాంట్రాక్టర్‌కు 28 ఏళ్ళు, భారత జట్టుకు కెప్టెన్. ఆయన తిరిగి దేశవాళీ క్రికెట్ ఆడిన మాట నిజమే. అయితే మరొక్క టెస్టు మ్యాచ్ ఆడలేదన్న సంగతిని మీ కోచ్ గారు చెప్పినట్టు లేదు. పైగా ఆయనకు తగిలింది ఒకే ఒక్క పెద్ద దెబ్బ, అది ఎముక విరిగిన గాయం, మానిందో లేదో ఫోటో తీసి చూడవచ్చు. మీవి ఒకదాని మీద ఒకటి పడిన మూడు కుదుపులు. బ్యాట్స్‌మన్ తలకు బంతి తగలడం ఎప్పుడో జరిగే ప్రమాదం. లెఫ్ట్ కార్నర్‌లో నిలబడేవారు ముప్ఫై సెకన్లకొకసారి వచ్చే కూతలో రైడర్ మోకాలి ఎత్తుకు తమ తలను తామే తీసుకువెళ్ళాలి, అదే వారి పని. ఈ రెండింటినీ ఒక గాటన కట్టడానికి వీలులేదు.

క్రికెట్ నుంచే ఉదాహరణ కావాలంటే విల్ పకోవ్‌స్కీని చూడమనండి. 2021 జనవరిలో సిడ్నీలో మన జట్టు మీద తొలి టెస్టు ఆడుతూ 62 పరుగులు చేసిన ఆస్ట్రేలియా ఓపెనర్ అతను. చిన్నప్పటి నుంచి తలకు పదే పదే దెబ్బలు తగిలాయి. వైద్యుల బృందం ఇక ఆడవద్దని చెప్పిన మీదట 2025 ఏప్రిల్‌లో, 27 ఏళ్ళకే, ఆట నుంచి తప్పుకున్నాడు. ఆ దేశంలో డబ్బుకూ వైద్యానికీ కొదువ లేదు, అతని కోసం ఎదురుచూసే జట్టు కూడా ఉంది. అయినా అక్కడ చివరికి నిలిచింది వైద్యుల మాటే.

స్కాన్‌లో ఏమీ లేదు కదా అని ఇంట్లోవాళ్ళు అంటున్నారని నేను ఊహించగలను. సీటీ స్కాన్ వెతికేది రక్తస్రావాన్ని, ఎముక విరిగిన గుర్తును. మీకు తగిలిన మెదడు కుదుపును కంకషన్ అంటారు, దానిలో అవి ఉండనవసరం లేదు. పుర్రె లోపలి ద్రవంలో ఉండే మెదడు ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు నరకణాలు సాగి, వాటి లోపలి రసాయనాల తూకం తప్పుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి మెదడుకు మామూలుకంటే ఎక్కువ శక్తి కావలసిన సమయంలోనే శక్తి సరఫరా తగ్గుతుంది. ఇది పనితీరులో వచ్చిన లోపం, ఫోటోకు అందేది కాదు. స్పృహ తప్పి తీరాలనే నియమమూ లేదు. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది, కొద్దిమందికి నెలల తరబడి సాగుతుంది. ముందు తగిలిన దెబ్బలు పూర్తిగా మానకముందే మళ్ళీ తగిలినవారిలో అలా సాగడం ఎక్కువ. ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలితే మెదడు ఉన్నట్టుండి వాచిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. అవి అరుదే, కానీ అలా జరిగినవారిలో ఎక్కువమంది మీ వయసువారూ మీకంటే చిన్నవారూ. న్యూరాలజిస్టు గారి మాట మీద రెండో అభిప్రాయం కావాలంటే మరో న్యూరాలజిస్టును అడగండి. అది కోచ్‌ను అడిగి తెలుసుకునే విషయం కాదు.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వయసువారు దీని గురించి ఫోన్‌లో అర్ధరాత్రి దాకా వెతుకుతారని నాకు తెలుసు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మెదళ్ళలో కనుగొన్న సీటీఈ అనే క్షీణత గురించి మీరు చదివే ఉంటారు. అది చాలావరకు ఏళ్ళ తరబడి వందల, వేల దెబ్బలు తిన్నవారిలో కనబడింది. మరణించిన తరువాత మెదడును పరీక్షిస్తే తప్ప దాన్ని ఖాయంగా నిర్ధారించలేరు. మూడు కంకషన్లు తగిలిన 23 ఏళ్ళ అమ్మాయికి అది వస్తుందని ఎవరూ జోస్యం చెప్పలేరు. మీరు ఇప్పుడు ఆగిపోవడమే ఆ దారికి దూరంగా నడవడం, కనుక ఆ భయాన్ని దిగుళ్ళ జాబితాలోంచి తీసెయ్యండి.

ఏడు నెలలుగా మీకు ఎటువంటి వైద్యం జరుగుతున్నదో మీరు రాయలేదు. కబడ్డీ వద్దన్నారని రాశారు, ఏం చేయమన్నారో రాయలేదు. మన దగ్గర చాలామందికి విశ్రాంతి తీసుకో అనే ఒక్క మాటతో సరిపెడతారు, వాళ్ళు కిటికీలు మూసిన గదిలో నెలల తరబడి పడుకుంటారు. మీరూ అదే చేస్తుంటే మానుకోండి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన క్రీడా వైద్య నిపుణులు చెప్పిందేమిటంటే, దెబ్బ తగిలిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులు, అదీ మంచం దిగకుండా కాక ఇంట్లో చిన్న పనులు చేసుకుంటూ, విశ్రాంతి తీసుకుంటే చాలు, ఆ పైన మెల్లగా నడక వంటివి మొదలుపెట్టినవారే బాగా కోలుకుంటారు. దానికి వారు చెప్పిన కొలత మీకు పనికొస్తుంది. తలనొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి. నడక మొదలుపెట్టినప్పుడు మూడు ఉంటే, నడుస్తుండగా ఐదు దాటనివ్వకండి, దాటితే ఆపి మరునాడు ఇంకొంచెం తక్కువ నడవండి. కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే భయపడనక్కరలేదు. మెడ కండరాలు పట్టేయడం వల్ల, చెవి లోపలి తూకం దెబ్బతినడం వల్ల కూడా ఇటువంటి తలనొప్పీ తలతిప్పుడూ సాగుతాయి, వాటికి ఫిజియోథెరపీ ఉంది, అది నాకు కావాలా అని అడగండి. ఇంకొక్క ప్రశ్న: నొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారు? పారాసిటమాల్ వంటి మాత్రలైనా నెలకు పదిహేను రోజులకు తగ్గకుండా కొన్ని నెలలు వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. ఈ లెక్క కూడా ఒక కాగితం మీద రాసి డాక్టరు గారికి చూపించండి.

జీవితంలో అర్థం గురించి అడిగితే ఈవిడ మాత్రల లెక్క చెబుతోందేమిటని మీకు అనిపించవచ్చు. ఇది కావాలని చేసిందే. నిద్ర పట్టని, వెలుతురు చూడలేని తలతో ‘నేనెవరిని’ అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. బ్రియానా స్కర్రీ అనే అమెరికా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కథ మీకు చెప్పాలనిపిస్తోంది. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జట్లలో ఉన్నారు, 1999 ప్రపంచ కప్ ఫైనల్‌లో పెనాల్టీ ఆపి దేశంలో ఇంటింటా తెలిసినవారయ్యారు. 2010 ఏప్రిల్‌లో ఒక లీగ్ మ్యాచ్‌లో కిందికి వంగి బంతిని అందుకుంటుండగా ప్రత్యర్థి మోకాలు ఆమె తలకు పక్కనుంచి తగిలింది. మీకు తగిలినట్టే. ఆట అక్కడితో ముగిసింది. తలనొప్పి, దిగులు మూడేళ్ళు వదల్లేదు, బతకాలన్న కోరిక సన్నగిల్లింది, డబ్బుకు కటకటలాడి ఒలింపిక్ పతకాలు తాకట్టు పెట్టారు. చివరకు 2013లో తల వెనుక భాగంలో దెబ్బతిన్న నరానికి సరైన శస్త్రచికిత్స జరిగాక నొప్పి తగ్గింది. పతకాలు తిరిగి వచ్చాయి, ఊరూరా తిరిగి తలదెబ్బల గురించి మాట్లాడడం ఆ తరువాత వచ్చింది. ఈ వరుసను గమనించండి. ముందు ఎవరో ఆ నొప్పికి కారణం కనిపెట్టారు, కొత్త పని దాని వెనుక వచ్చింది. పతకాలు గెలిచిన మనిషి కూడా నొప్పిలో ఉండగా తనకు కొత్త జీవితాన్ని ఊహించుకోలేకపోయింది. మీరు ఏడు నెలలకే ఊహించలేకపోతున్నానని నొచ్చుకోవద్దు.

ఇప్పుడు కబడ్డీ పిల్ల అన్న పిలుపు దగ్గరికి వద్దాం. క్రీడా మనస్తత్వ శాస్త్రంలో 1993లో ప్రచురించిన ఒక ప్రశ్నావళి ఉంది. నేను క్రీడాకారిణిని అనుకుంటాను, నా స్నేహితుల్లో ఎక్కువమంది ఆటగాళ్ళే, నా జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆట అనే తరహా వాక్యాలకు ఎంతవరకు ఒప్పుకుంటారో అందులో అడుగుతారు. అన్నిటికీ గట్టిగా ఒప్పుకునేవారు సాధనలో ఎక్కువ కష్టపడతారు, గాయంతో ఆట ఆగినప్పుడు ఎక్కువ కుంగిపోతారు. ఈ రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు. పన్నెండేళ్ళ వయసు నుంచి మీకు ఇతర పిలుపు ఏదీ లేకుండా చేసింది మీరొక్కరే కాదు. ఊరు చేసింది, మేము చేశాం. క్లాసులకు హాజరు వేయించి, పరీక్షలు దాటించి, ఆట ఒక్కటే చూసుకో మిగతాది మేము చూసుకుంటాం అని చెప్పే నాబోటి వాళ్ళు ప్రతి కళాశాలలోనూ ఉన్నారు. ఆ మిగతాది ఏమిటో మేము ఎన్నడూ చూడలేదు.

ఇంతకూ ఆ ఆటలో మీది ఏది? కొంచెం ఆగి ఆలోచించమంటున్నాను, ఎందుకంటే కూత పెట్టి వెళ్ళే రైడర్‌కు దొరికే చప్పట్లు కార్నర్‌కు దొరకవు, అయినా మీరు పదేళ్ళు అక్కడే నిలబడ్డారు. కార్నర్‌కు మొదట నేర్పేది రైడర్ ముఖం చూడవద్దని. చేతులు, భుజాలు, కళ్ళు అన్నీ బుకాయిస్తాయి, మడమ ఒక్కటే నిజం చెబుతుంది. బరువు ఏ కాలి మీదికి మారుతోందో చూసి, ఇంకా ఇప్పుడే కాదు అని ఊపిరి బిగబట్టి, బోనస్ గీత కోసం ఆ కాలు గాలిలోకి లేచిన క్షణాన దూకాలి. ముందు దూకితే మీరు ఔట్, ఆలస్యమైతే గీత దాటినందుకు బోనస్ పాయింటు రైడర్‌కు పోతుంది. అంతసేపూ మీ ఒక చెయ్యి పక్క స్థానంలో నిలబడే లెఫ్ట్ ఇన్ అమ్మాయి చేతిలో ఉంటుంది. మీరు కదలబోతున్నారని ఆమెకు మాటతో కాకుండా వేళ్ళ బిగువుతో తెలుస్తుంది. పట్టు తప్పితే తప్పు మీదే, పట్టు నిలిస్తే సాయానికి వచ్చి మీద పడే కవర్ ఆటగాళ్ళందరిదీ పాయింటు. ఓర్పు, చూపు, పక్కవారి చేతికి సంకేతం, మన తప్పును మనమే మోయడం, ఇవన్నీ మీ ఒంట్లో ఉన్నాయి. మ్యాట్ మీది నుంచి దిగినంత మాత్రాన ఇవి పోవు, అయితే వీటితో ఏం చేయాలో ఇప్పుడే తేలదు కూడా. పోయినదానికి బదులుగా ఏదో దొరుకుతుందని నేను చెప్పడం లేదు. కాలు గాలిలోకి లేచిన ఆ క్షణం మరెక్కడా దొరకకపోవచ్చు. దానికి ఏడవాలి. అంతా మన మంచికే అని ఎవరైనా ఓదార్చబోతే లేచి వెళ్ళిపోయే హక్కు మీకుంది.

ఆ లెఫ్ట్ ఇన్ అమ్మాయి మీకు ఫోన్ చేస్తున్నదా? మీ ఉత్తరంలో కోచ్ ఉన్నారు, నాన్న ఉన్నారు, ఊరు ఉంది, జట్టులోని ఒక్క స్నేహితురాలు కూడా లేదు. గాయపడి వెళ్ళిపోయినవారిని జట్టు తప్పించుకు తిరగడం నేను చాలాసార్లు చూశాను. ఏం మాట్లాడాలో తెలియక కొంత, రేపు తమకూ ఇదే జరుగుతుందేమోననే భయంతో కొంత. వాళ్ళు చేయకపోతే మీరే చేయండి. ఆట గురించి మాట్లాడవద్దని గానీ, మాట్లాడమని గానీ, మీకు ఏది కావాలో ముందే చెప్పండి.

ఉద్యోగం విషయంలో ఆశ పెట్టి మభ్యపెట్టడం నాకు ఇష్టం లేదు. రైల్వే క్రీడా కోటాలో వారికి కావలసింది చేరిన తరువాత వారి తరఫున ఆడేవారు. ట్రయల్స్ దాటినా మ్యాట్ మీదికి దిగక తప్పదు, కనుక ఆ తలుపు మూసుకుందనే అనుకోండి. అయితే విశ్వవిద్యాలయం, రాష్ట్ర జట్ల ధ్రువపత్రాలు ఆట ఆపినంత మాత్రాన చెత్తకాగితాలు కావు. ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఏ పోటీల పత్రాలు, ఎన్నేళ్ళ లోపలివి చెల్లుతాయో రాసి ఉంటుంది, దాన్ని మీ తమ్ముడి చేత చదివించుకోండి, మీ కళ్ళకు శ్రమ తగ్గుతుంది. డిగ్రీ పూర్తయి ఉంటే వ్యాయామ విద్యలో రెండేళ్ళ బీపీఈడీ కోర్సు చేసి పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరే దారి ఉంది. దాని ప్రవేశానికి రాయవలసిన పీఈసెట్‌లో పరుగు, షాట్‌పుట్ వంటి శరీర సామర్థ్య పరీక్షలు, ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటాయి కనుక వైద్యుల అనుమతి లేకుండా దరఖాస్తు పెట్టవద్దు. పాటియాలాలో 1961 నుంచి నడుస్తున్న జాతీయ క్రీడా సంస్థ శిక్షకుల కోసం ఏడాది డిప్లొమాతో పాటు ఆరు వారాల చిన్న కోర్సు కూడా నడుపుతుంది. రెఫరీ పరీక్షల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, మీ జిల్లా సంఘంలో అడిగితే తెలుస్తుంది. వీటిలో ఏదీ ఈ సంక్రాంతి లోపల తేల్చుకోవలసినది కాదు. ఎనిమిది గంటలు నిద్రపోయి, ఒక పేజీ చదివి గుర్తుంచుకోగలిగిన రోజు వచ్చాక మళ్ళీ ఈ పేరా తీయండి.

అంతవరకు పూర్తిగా ఖాళీగా ఉండమని కాదు. మీ ఊరి హైస్కూలులో సాయంత్రాలు ఆడే అమ్మాయిలు ఉండే ఉంటారు. వారిలో ఒక్కతెను, ఒకే ఒక్కతెను, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు ఇంటి వసారాలోకి పిలిచి, దూకేటప్పుడు తలను రైడర్ మోకాలి దారిలోంచి పక్కకు ఎలా తీసుకోవాలో నేర్పండి. ఈల వద్దు, ఎండ వద్దు, మీరు దూకి చూపించడం అసలే వద్దు, నోటితో చెబితే చాలు. తల ఎక్కడ ఉండకూడదో మీ జిల్లాలో మీకంటే బాగా తెలిసినవారు లేరు. విసుగనిపిస్తే మానేయండి, అది మీ వృత్తి కావాలన్న నియమం లేదు.

మీ నాన్న గారికి ఒక మాట, ఈ పేజీని ఆయనకు చూపించండి. అయ్యా, మీ అమ్మాయికి వచ్చింది పిచ్చి కాదు, వంశాన వచ్చే జబ్బు కాదు. సరిగ్గా చూసుకుంటే తగ్గడానికి అవకాశం ఉన్న గాయం. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని పెద్దలు అంటారు గానీ, వెలుతురు పడని కళ్ళతో, బ్యాండు మేళం వినలేని చెవులతో మూడు రోజుల పెళ్ళిలో కూర్చోబెట్టి చూస్తే ఏం సర్దుకుంటుందో మీకే తెలుస్తుంది. దాచి చేసిన సంబంధంలో ఆమె రేపు అత్తవారింట్లో తలనొప్పి అని చెప్పుకోవడానికి కూడా జంకుతుంది, మందు మానేస్తుంది. తగ్గేదాకా ఆగి, ఆ తరువాత ఆమె సరేనంటే, జరిగినది జరిగినట్టు చెప్పి చేయండి. ఇంటి ఖర్చు సంగతి నాకు తెలియనిది కాదు. ఇన్నాళ్ళూ ఆమె తెచ్చే ఉద్యోగం మీద పెట్టుకున్న లెక్కను ఆమెను కూర్చోబెట్టుకుని తిరిగి వేయండి. ఆమె చాటుగా వేసిన లెక్క ఆమెకు ఎలాగూ తెలిసిపోతుంది.

కిట్ బ్యాగును మీ అమ్మగారు ప్రేమతోనే అటక ఎక్కించారు, కనబడితే మీరు బాధపడతారని. అయినా ఆ వస్తువులు మీవి. దించమని అడగండి, తల వంచి నిచ్చెన మీద మీరు ఎక్కవద్దు. ఏది ఉంచుకోవాలో, ఏది ఎవరికివ్వాలో మీరే తేల్చండి. వసారాలో నేర్చుకునే ఆ పిల్లకు మీ మోకాలి ప్యాడ్లు సరిపోవచ్చు.

ఇక సంక్రాంతి పోటీలు. పిలిచారు కదా అని వెళ్ళనక్కరలేదు. ఈ ఏడు నా ఒంట్లో బాగాలేదని చెబితే ఎవరూ తప్పుపట్టరు, అది అబద్ధమూ కాదు. వెళ్ళాలనిపిస్తే మాత్రం బహుమతుల దాకా ఉండనని ముందే చెప్పండి, ఎందుకంటే అవి ఇచ్చేసరికి చీకటి పడుతుంది, ఫ్లడ్‌లైట్లు వేస్తారు, మైకు మోత ఎక్కువవుతుంది. ఉదయం పూట ఒక మ్యాచ్‌కు వెళ్ళండి. టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, లౌడ్‌స్పీకరుకు దూరంగా, వేదిక మీద కాకుండా కోర్టు పక్కన నీడలో, లెఫ్ట్ కార్నర్ కనబడే మూల కూర్చోండి. తమ్ముణ్ణి బండితో దగ్గరలో ఉండమనండి. తలనొప్పి రెండు మార్కులు పెరిగితే సగం ఆటలోనైనా లేచి వచ్చేయండి. ఆటలో అరటిపండునన్నారు. ఆ మూల నుంచి మడమల వైపు చూసే కళ్ళు ఆ జనంలో మీవి తప్ప మరెవరివీ ఉండవు. పట్టు పడే ముందే మీకు తెలిసిపోతుంది, అప్పుడు మీకు ఎలా అనిపించిందో నాకు రాయండి, బాధ అనిపించినా సరే.